మూడు నెలలు స్టాండు మీద



అక్టోబర్ నడిమికి వచ్చినాము. ఇంక మా బండ్లు స్టాండెక్కే కాలం. ఆదివారం పొద్దున పెరంబూరు నుంచి వరసగా పోయే మా ఏడు బండ్లను మీలో చాలామంది చూసినారు. కొందరు చేతులూపినారు. ఇంకొందరు "ఈ వయసులో వీళ్ళకు ఇదేమి పిచ్చి" అనుకొని ఉంటారు, అది కూడా మాకు తెలుసు. ఆ ఏడు బండ్లూ ఈ మూడు నెలలు ఏమవుతాయి, వాటి మీద కూర్చునే మేము ఏమవుతాము అని ఈసారి రాయాలనుకున్నాము. ఇది బండి ఉన్నవాళ్ళకే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న అందరికీ పనికొచ్చే మాట.

చలికాలంలో బండి తోలలేము అంటే లద్దాఖ్‌లో ఉన్నవాళ్ళకు అర్థం వేరే. అక్కడ మంచు పడి జోజిలా కనుమ మూసుకుంటుంది, మనాలి నుంచి లేహ్ పోయే దారి నెలలకొద్దీ మూసి ఉంటుంది. మన చెన్నైలో చలి బండిని ఆపదు. మార్గళి నెల తెల్లవారుజామున ఒక మఫ్లర్ చుట్టుకుంటే చాలు. మనల్ని ఆపేది వాన. ఆంధ్రలో ఉన్న మన చుట్టాలకు జూన్, జూలైలో వచ్చే వాన మనకు పడమటి కనుమలు అడ్డం ఉండి సరిగ్గా రాదు. మనకు వచ్చేది ఈశాన్య రుతుపవనం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. చెన్నైకి ఏడాదిలో సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగానికి మించి ఈ మూడు నెలల్లోనే పడుతుంది. తమిళంలో ఐప్పసి అంటేనే అడమళ అంటారు. మన ఇళ్ళల్లో అవ్వలు దాన్నే ముసురు అనేవాళ్ళు. చలికాలం అని క్యాలెండర్‌లో ఉంటుంది, మనకు మాత్రం అది ముసురుకాలమే.

మా గుంపు గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. మేము ఏడుగురము. అందరిలోకి చిన్నవాడికి 58, పెద్దాయనకు 71. రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్ళము ముగ్గురము ఉన్నాము, మిగిలినవాళ్ళు కొట్టు పెట్టుకున్నవాళ్ళు, కంపెనీలో చేసినవాళ్ళు. బండ్లు కూడా అట్లాగే రకరకాలు: రెండు బుల్లెట్లు, ఒక పాత జావా, ఒక సుజుకి మాక్స్ 100, రెండు హీరో హోండాలు, ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్. ఎక్స్‌ఎల్‌ను మోటర్‌సైకిల్ అనవచ్చా అనే వాదన మాలో ఇంకా తెగలేదు. దాని మీద వచ్చే తమ్ముడే అందరికంటే ముందు చేరుతాడు కాబట్టి మేము గట్టిగా ఏమీ అనము.

ఆదివారం ఆరు గంటలకు బయల్దేరి రెడ్ హిల్స్, కారనోడై, గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడ దాకా పోతాము. అక్కడ టీ తాగి వెనక్కి వస్తాము. తడ ఎందుకు అంటే, తెలుగు బోర్డులు మొదలయ్యేది అక్కడే. మాలో చాలామంది చదివింది తమిళ మీడియం. తెలుగు మాట ఇంట్లో వచ్చింది, తెలుగు అక్షరం మాత్రం పెద్దయినాక కూడబలుక్కొని నేర్చుకున్నాము. కొట్టు బోర్డు, బస్సు బోర్డు, గోడ మీద సినిమా పోస్టర్ చదవడం మాకు ఇప్పటికీ ఒక సంతోషం. ఇంకొక ఆదివారం తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు పోతాము. 1960 ఏప్రిల్ 1న ఎల్లలు మార్చినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది. ఆ ఊళ్ళల్లో ఇప్పటికీ ఇంటి వాకిట్లో తెలుగు, బడి వాకిట్లో తమిళం. మా అందరి కథా అదే కాబట్టి ఆ పక్కకు పోతే మాకు పరాయి ఊరు అనిపించదు.

ఇంత ఆశ ఉన్నవాళ్ళము వానలో రెయిన్‌కోటు వేసుకొని పోవచ్చు కదా అని అడుగుతారు. ముప్పై ఏళ్ళ వయసులో పోయినాము. ఇప్పుడు పోము. దానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది, రోడ్డు కనిపించదు. మోకాలి లోతు నీళ్ళ కింద గుంత ఉందా, మూత లేని కాలువ ఉందా తెలియదు. ఓటేరి నాలా పొంగితే ఏది రోడ్డు, ఏది కాలువ అన్న తేడా ఉండదు. గణేశపురం సబ్‌వే సంగతి వ్యాసర్పాడి వాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. రెండోది, బ్రేకు. పాత బండ్లకు డ్రమ్ బ్రేకులు. డ్రమ్ములోకి నీళ్ళు పోతే బ్రేకు నొక్కినా బండి ఆగదు, ఆరేదాకా జారుతూనే ఉంటుంది. మూడోది, మా కళ్ళు. హెల్మెట్ అద్దం మీద వాన, ఎదురుగా వచ్చే లారీ లైటు, ఆ రెండూ కలిస్తే 25 ఏళ్ళవాడికే కష్టం. అందుకే మాకు ఒక నియమం ఉంది. రాత్రి వాన పడి ఉంటే పొద్దున బండి తీయము. ఎవరూ పౌరుషానికి పోకూడదు. ఒకరు వద్దంటే ఏడుగురమూ ఆగాలి.

ఇప్పుడు బండి సంగతి. వాన బండిని తోలేటప్పుడు పాడుచేసేదానికంటే నిలబెట్టినప్పుడు పాడుచేసేదే ఎక్కువ. మాకు తెలిసినవి రాస్తున్నాము, పనికొస్తే పెట్టుకోండి.

బండిని ఎక్కడ నిలబెట్టాలి అనేది మొదటి మాట. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు ఊరంతా చెట్లు పడినాయి, వాటి కింద నిలబెట్టిన బండ్లు అప్పడాలు అయినాయి. ఎండకాలంలో వేపచెట్టు నీడ మంచిదే, ఈ మూడు నెలలు మాత్రం వద్దు. పల్లపు సందులో ఉన్నవాళ్ళు వాన రాకముందే మిట్ట చూసుకోవాలి. వేళచ్చేరి వాళ్ళు వాన అనే మాట వినగానే కార్లు తీసుకుపోయి ఫ్లైఓవర్ మీద నిలబెడతారు. పేపర్‌లో ఫోటో చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. 2023లో నీళ్ళల్లో మునిగినవాళ్ళు నవ్వలేదు.

పాత బండి అయితే పెట్రోల్ ట్యాంకు నిండుగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో తేమ చేరి లోపల తుప్పు పడుతుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది, ఇథనాల్‌కు నీళ్ళను పీల్చుకునే గుణం ఉంది. కాబట్టి ట్యాంకు మూత రబ్బరు సరిగ్గా ఉందా చూసుకోండి. ట్యాప్ మూసి కార్బరేటర్‌లో ఉన్న పెట్రోల్ వదిలేయండి, లేకపోతే నెల రోజుల్లో బంక మాదిరి అయి జెట్టు అడ్డుకుంటుంది. సెంటర్ స్టాండు వేస్తే టైర్ ఒకేచోట నలగదు. చైన్‌కు ఆయిల్ పూయండి. కప్పేటప్పుడు ప్లాస్టిక్ తార్పాయి గట్టిగా చుట్టి కట్టేయకండి. లోపలి తేమ బయటికి పోక బండి చెమట పట్టినట్టు తడుస్తుంది. కింద గాలి ఆడాలి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వారానికి ఒకసారి కవరు ఎత్తి చూడండి.

రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాళ్ళు ఉన్నారు. దానివల్ల లాభం కంటే నష్టమే. ఇంజన్ వేడెక్కకముందే ఆపితే సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీళ్ళ తేమ మిగిలిపోతుంది, బ్యాటరీ కూడా ఎక్కదు. వాన తెరిపి ఇచ్చిన రోజు పావుగంట బాగా వేడెక్కేదాకా నడపండి, వీలైతే వీధి చుట్టూ రెండు చుట్లు కొట్టండి.

నీళ్ళల్లో మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకండి. కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. 2015 డిసెంబర్‌లో తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడిన ఆ వరదలో నీళ్ళు తీసినాక ఆత్రంగా కిక్ కొట్టి ఇంజన్ పగలగొట్టుకున్నవాళ్ళను మేము కళ్ళారా చూసినాము. సిలిండర్‌లో నీళ్ళు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్ విప్పాలి, నీళ్ళు బయటికి రావాలి. ఆయిల్ దించి చూడాలి, అది పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, అది కూడా దించి మళ్ళీ పోయాలి. కొత్త రకం బండ్లు అయితే మీరు ఏదీ ముట్టుకోకండి, ఫోటో తీసి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పి అట్లాగే మెకానిక్ దగ్గరికి తోసుకుపోండి. ఒట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే మీ బండి నష్టానికి ఒక్క పైసా రాదు. అది అక్టోబర్‌కు ముందే చూసుకోవలసిన సంగతి.

బండికి ఇన్ని జాగ్రత్తలు ఉన్నాయి. దాన్ని తోలే మనిషి సంగతికి ఇప్పుడు వస్తాము. అసలు ఈ రాత దానికోసమే.

మాలో ఇంతకు ముందు ఎనిమిదో ఆయన ఉండేవారు. మా అందరికీ బుల్లెట్ మామ. 1978 మోడల్ బండి, ఆయన చేతిలో గడియారం మాదిరి నడిచేది. తడలో టీ తాగేటప్పుడు కబుర్లన్నీ ఆయనవే. 2022లో ముసురు మొదలైనాక ఆయనకు జలుబు పట్టింది. బండి కప్పి పెట్టినారు. డిసెంబర్ 9 రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. ఆ గాలికి తార్పాయి ఎగిరిపోతే మళ్ళీ కట్టించినారు. సంక్రాంతి వచ్చింది, మేము పిలిచినాము. కిక్ కొట్టడానికి మోకాలు సహకరించలేదు. "వచ్చే వారం చూస్తాములే" అన్నారు. వచ్చే వారం టైర్‌లో గాలి లేదు. ఆ తర్వాత వారం చుట్టాల పెళ్ళి. మార్చిలో ఎండలు వచ్చినా కవరు తీయలేదు. జూన్‌లో కొడుకు బండి అమ్మేసినాడు. ఆ పిల్లవాడిది ఏమీ తప్పు లేదు, నాన్న పడితే ఎవరు చూడాలి అనే భయం వాడిది. మామ కూడా సంతకం పెట్టినారు.

బండి పోయినాక మేము పోయి చూసినాము. మామ టీవీ ముందు కూర్చొని ఉన్నారు. అడిగినదానికి జవాబు చెప్తారు, తనుగా ఏమీ మాట్లాడరు. మనవళ్ళు ఆ గదిలోనే ఉన్నారు, వాళ్ళది తమిళం, ఇంగ్లీషు. కోడలు మంచి పిల్ల, తమిళ పిల్ల. బయటికి వచ్చేటప్పుడు అత్త మా వెంట గేటు దాకా వచ్చి ఒక మాట అన్నారు.

"బండి పోయిందని కాదయ్యా ఆయనకు బాధ. ఆదివారం పోయింది. ఇంట్లో తెలుగులో మాట్లాడేదానికి నేను ఒకదాన్నే మిగిలినాను. నాతో ఆయనకు ఏమి ఉంటుంది మాట్లాడేదానికి, యాభై ఏళ్ళుగా మాట్లాడిందే కదా."

అత్త నవ్వుతూనే అన్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు మా ఏడుగురికీ ఒకటి తెలిసింది. ఇరవై ఏళ్ళవాడికి మూడు నెలలు బండి ఆగితే మూడు నెలలే. మా వయసువాడికి ఆ మూడు నెలలు ఎక్కడ ముగుస్తాయో చెప్పలేము. కాలు బిగుసుకుంటుంది, ధైర్యం తగ్గుతుంది, ఇంట్లోవాళ్ళు బండి లేకుండా అలవాటు పడతారు. ఎవరూ ఆపమని చెప్పరు, అదే ఆగిపోతుంది. బండి ఆగితే ఆగింది, ఏదో ఒక రోజు అందరమూ ఆపవలసిందే. దాంతోపాటు మనుషులు కూడా ఆగిపోకూడదు కదా.

అందుకని 2023 అక్టోబర్ నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. వాన ఉన్నా లేకున్నా ఆదివారం ఏడు గంటలకు అయనావరంలో మా అన్న ఒకరి ఇంటి తిన్నె మీద కూడుతాము. ఆ తిన్నె ఎత్తుగా ఉంటుంది, నీళ్ళు ఎక్కవు. గొడుగుతో నడిచి రావచ్చు, ఆటోలో రావచ్చు, కొడుకు కారులో దించి పోవచ్చు. బండి ఉండాలనే నియమం లేదు. మొదటి వారమే ఇద్దరము పోయి బుల్లెట్ మామను ఆటోలో కూర్చోబెట్టి తెచ్చినాము. మొదట అరగంట ఊరికే కూర్చున్నారు. జావా కార్బరేటర్ విప్పి పేపర్ మీద పరిచినప్పుడు, జెట్టు మేము తప్పుగా పెడుతుంటే ఆయనకు ఓర్చుకోవడం కాలేదు. "అది అట్లా కాదురా" అని లేచి వచ్చినారు. ఇప్పుడు మాకు ఆయనే మెకానిక్. ఆ రోజు మొదలు ఏ వారమూ మానలేదు, మిచాంగ్ వారం తప్ప.

మిచాంగ్ అంటే గుర్తు ఉంటుంది. 2023 డిసెంబర్ 3, 4 తేదీల్లో మన మీద కురిసి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మన కొళత్తూరు, కొరట్టూరు వైపు ఇళ్ళల్లో కరెంటు లేదు, ఫోన్ లేదు. బేసిన్ బ్రిడ్జికీ వ్యాసర్పాడికీ నడుమ 14వ నంబర్ వంతెన దగ్గర నీళ్ళు పెరిగితే సెంట్రల్‌కు పోయే రైళ్ళు ఆపుతారు, అప్పుడూ ఆపినారు. ఇట్లాంటి రోజులకోసం మేము ఒక కాగితం రాసి పెట్టుకున్నాము: ఎవరి ఇంటికి ఎవరు దగ్గర, ఎవరు మిద్దె మీద ఉన్నారు, ఎవరికి ఏ మాత్ర కావాలి. మొదట మా ఏడుగురికోసమే రాసినాము. ఇప్పుడు అందులో ఒంటరిగా ఉండే మన సంఘం పెద్దవాళ్ళ పేర్లు కూడా చేర్చినాము. నీళ్ళు తీసిన మరునాడు నడిచి పోయి తలుపు తట్టేదానికి ఆ కాగితం చాలు.

వాన లేని ఆదివారం ఉంటుంది, కాని రోడ్డు మాత్రం బురద. అప్పుడు రైలు ఎక్కుతాము. గుమ్మిడిపూండి దాకా లోకల్ ఉంది, కొన్ని సూళ్ళూరుపేట దాకా పోతాయి. తడ స్టేషన్‌లో దిగి అదే టీకొట్టుకు పోతాము. బండి మీద పోయిన దారినే కిటికీలోంచి చూస్తే వేరేగా ఉంటుంది. ఏడుగురము పక్కపక్కన కూర్చుంటాము కాబట్టి మాట కూడా ఎక్కువ. బండి మీద ఒకరి మాట ఒకరికి వినపడదు కదా.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాము. చేయించుకోవలసిన వైద్యమంతా ఈ మూడు నెలల్లో పెట్టుకోవడం. పోయిన సంవత్సరం నవంబర్‌లో ఇద్దరము కంటి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాము. డాక్టర్ కొన్ని వారాలు బండి వద్దంటే బాధ లేదు, ఎట్లాగూ వానే. లైసెన్సు కూడా ఇప్పుడే చూసుకోండి. 55 దాటినాక లైసెన్సు ఐదేళ్ళకొకసారే ఇస్తారు, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. బండికి 15 ఏళ్ళు దాటితే ఆర్‌సీ కూడా ఐదేళ్ళకొకసారి మార్చాలి.

ఎప్పుడు పూర్తిగా ఆపాలి అనే మాట మాలో ప్రతి ముసురుకూ వస్తుంది. జావా అన్న 70 అంటాడు, అది ఆయనకు 68 ఉన్నప్పటి మాట, ఇప్పుడు 72 అంటున్నాడు. ఎక్స్‌ఎల్ తమ్ముడు వయసు లెక్క కాదు, కంటి డాక్టర్ చెప్పిందే లెక్క అంటాడు. ఇంట్లో ఆడవాళ్ళను అడిగితే నిన్ననే ఆపాల్సింది అంటారు, ఈ మూడు నెలలే వాళ్ళకు నిమ్మళం. మేము తేల్చుకున్నది ఇంతే: వాన వచ్చి ఆపకూడదు, జలుబు వచ్చి ఆపకూడదు, గాలి దిగిన టైర్ ఆపకూడదు. ఆపే రోజు మనమే కూర్చొని, చెప్పి ఆపాలి. ఆపినవాడు మరుసటి ఆదివారం కూడా తిన్నె మీదికి రావాలి.

సంక్రాంతి దాటినాక మొదటి సవారీ పళవేర్కాడుకు. మన పాతవాళ్ళు ఆ ఊరిని ప్రళయ కావేరి అనేవాళ్ళు. ఒడిశాలో చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ముసురు నింపిన నీళ్ళకోసం ఫ్లెమింగోలు వస్తాయి, తమిళంలో పూనారై అంటారు. నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. మనల్ని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టిన వానే వాటిని ఇక్కడికి పిలుస్తుంది. ఈసారి మామ ఎక్స్‌ఎల్ వెనకాల కూర్చొని వస్తానన్నారు. బుల్లెట్ వెనకాల రమ్మంటే వద్దన్నారు. బుల్లెట్ మీద తను వెనక కూర్చోడట.

మీకు ఒక మనవి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కవరు కింద కదలకుండా ఉన్న బండి ఉంటే మాకు చెప్పండి, మేము వచ్చి చూస్తాము, డబ్బు వద్దు. ఆ బండి యజమాని కూడా కదలకుండా ఉంటే ముందు ఆయన సంగతి చెప్పండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ పేర్లు మా కాగితంలో లేకపోతే వానలు గట్టిపడకముందే ఇవ్వండి. వచ్చే ఆదివారం ఏడు గంటలకు తిన్నె మీద ఉంటాము. కాఫీ మాది, గొడుగు మీరు తెచ్చుకోండి.